చెరువు కట్టల మీద ఆరున్నరేళ్ళు: నా పీహెచ్‌డీ అనుభవం

2025 జనవరి చివరి వారంలో నా పీహెచ్‌డీ వైవా అయిపోయింది. 2018 జులైలో చేరాను. పెన్నా మైదానం నుంచి వెలిగొండల దాకా ఉన్న పాత చెరువులు, వాటి తూములు (పొలాలకు నీళ్ళు వదిలే దారులు), కలుజులు (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోట్లు), కట్టల పక్కన వెలిసిన గుళ్ళు, వాటిని పట్టుకుని ఊళ్ళు ఎలా పెరిగాయన్నదే నా విషయం. కట్టడాల చరిత్ర, నేల చరిత్ర రెండూ కలిసిన చదువు ఇది. ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. ఎన్నాళ్ళు పడుతుంది, డబ్బులు సరిపోతాయా, చివరికి ఉద్యోగం వస్తుందా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. ఐదేళ్ళు బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదివి, గేట్ రాసి ల్యాండ్‌స్కేప్‌లో ఎం.ఆర్క్ చేశాను. ఆ రెండేళ్ళు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వచ్చేది. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేరాను. ఒక లేఅవుట్‌లో పాత కుంటను పూడ్చేసి, దానికి కాస్త దూరంలో ప్లాస్టిక్ షీటు పరిచి కొత్త సరస్సు కట్టే డ్రాయింగ్ నా చేతికి వచ్చింది. ఆ కుంట అక్కడే ఎందుకుందో, దానికి నీళ్ళు ఎటు నుంచి వచ్చేవో, నిండితే ఎటు పోయేవో చెప్పే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు. అడిగితే పట్టించుకున్నవాళ్ళూ లేరు. డ్రాయింగ్ పూర్తి చేసి ఇచ్చాను. మనసు మాత్రం ఆ పనిలో నిలవలేదు. మరుసటి ఏడాది పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను.

2018 మే నెలలో ఇంటర్వ్యూ. నెల్లూరు జిల్లా గుళ్ళ మీద పని చేస్తానని ప్రతిపాదన రాసుకెళ్ళాను. బోర్డులో ఆర్కిటెక్ట్ ఒకాయన "ఇది చరిత్ర కదమ్మా" అన్నారు. చరిత్ర చెప్పే ఆవిడ "మీకు శాసనాలు చదవడం వచ్చా?" అని అడిగారు. తర్వాత నాకు గైడ్ అయిన మేడమ్ ఒక్క ప్రశ్నే వేశారు: "నువ్వు చెప్పే గుడి ఆ చోటే ఎందుకుంది?" నేను తీసుకెళ్ళిన ఫొటోల్లో గుడి వెనక చెరువు కట్ట కనపడుతోంది. ఆ కట్ట గురించి నా ప్రతిపాదనలో ఒక్క వాక్యం కూడా లేదు. సీటు వచ్చింది. చేరిన నెల రోజులకు విషయం గుళ్ళ నుంచి చెరువులకు మారింది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. కేంద్ర సంస్థ కాబట్టి ఫెలోషిప్ ఉంది. చేరినప్పుడు నెలకు 25,000. 2019 జనవరి నుంచి 31,000కు పెంచారు, రెండేళ్ళు దాటాక 35,000 అయింది. 2023 జనవరి నుంచి మళ్ళీ పెరిగి 42,000 అయింది. కాగితం మీద బాగుంటుంది. పెంచిన డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. మామూలు నెలల్లో కూడా ఒక్కోసారి మూడు నెలలది కలిపి ఒకేసారి పడేది. చేతిలో కనీసం ఆర్నెల్ల ఖర్చు పెట్టుకుని చేరండి. నేను హైదరాబాద్ ఉద్యోగంలో దాచుకున్నదంతా మొదటి రెండేళ్ళలోనే అయిపోయింది. ఐదేళ్ళకు ఫెలోషిప్ ఆగిపోతుంది, అప్పటికి థీసిస్ పూర్తయినా, కాకపోయినా.

మొదటి ఆర్నెల్లు కోర్స్ వర్క్. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు చదువు 2019 జనవరిలో మొదలైంది. నెల్లూరు జిల్లా మీద పని చేసేవాళ్ళు అదృష్టవంతులని చెప్పాలి. 1873లో బాస్వెల్ అనే అధికారి రాసిన జిల్లా మాన్యువల్ ఉంది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలో ఉన్న రాగి శాసనాలు, రాతి శాసనాలు సేకరించి మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. అవి తాలూకాల వారీగా ఉంటాయి. గుడికిచ్చిన దానాల కోసం అందరూ వాటిని తిరగేస్తారు. నేను చెరువు, కాలువ, తూము, దశబంధం అన్న మాటలు ఎక్కడెక్కడ వస్తున్నాయో పట్టిక వేసుకుంటూ చదివాను. దశబంధమంటే చెరువు తవ్వించినవాళ్ళకో, బాగు చేయించినవాళ్ళకో ఆ చెరువు కింద ఇచ్చే మాన్యం. ఆ పట్టిక పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. థీసిస్ మొత్తంలో నాకు బాగా అక్కరకొచ్చిన పని అదే.

ప్రకాశం వైపు వెళ్ళేసరికి తల తిరిగింది. ఆ జిల్లా పుట్టిందే 1970లో, ముందు ఒంగోలు జిల్లా అనేవాళ్ళు, ప్రకాశం పంతులుగారి పేరు 1972లో పెట్టారు. కనిగిరి, కందుకూరు నెల్లూరు నుంచి వచ్చాయి. ఒంగోలు అంతకుముందు గుంటూరులో ఉండేది, 1904కు ముందు అదీ నెల్లూరే. కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. అంటే ఒక్క జిల్లా చెరువుల కోసం మూడు పాత జిల్లాల కాగితాలు చదవాలి. పైగా వెంకటగిరి జమీందారీ కింద ఉన్న ఊళ్ళకు ప్రభుత్వ సర్వే లెక్కలు చాలావరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతివే. పక్కపక్క ఊళ్ళే అయినా ఒకదానికి నూట యాభై ఏళ్ళ లెక్క ఉంటుంది, ఇంకోదానికి ఏమీ ఉండదు. ఇది ముందే తెలిస్తే ఏ ఊళ్ళు ఎంచుకోవాలో తేలిగ్గా తేల్చుకోవచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2019 జూన్‌లో మా సంస్థ లేఖ పెట్టి అనుమతి అడిగాను, ఆగస్టులో వెళ్ళాను. నెల్లూరు నుంచి పినాకిని రైల్లో వెళ్తే చెన్నైలో దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఆ రోజు పని పోయినట్టే. అందుకని ముందు రోజు రాత్రికే చేరుకుని, ట్రిప్లికేన్‌లో చవక గది తీసుకునేదాన్ని. ఇండెక్స్ చూసి, చీటీ రాసి ఇచ్చి, కాగితాల కట్ట బయటికి వచ్చేదాకా కూర్చోవాలి. పెన్సిల్, తెల్ల కాగితాలు, మాస్కు, ఒక చేతిగుడ్డ పట్టుకెళ్ళండి. కాగితం అంచులు చేతిలోనే పొడి అయిపోతుంటాయి. వారం రోజులు ఏమీ దొరకదు. ఎనిమిదో రోజు ఒక చెరువు మరమ్మతు అంచనా దొరుకుతుంది, అందులో కట్ట పొడవు, తూముల సంఖ్య, ఎవరెవరు కూలి పనికి వచ్చారో అన్నీ ఉంటాయి. ఆ రోజు అన్నం కూడా గుర్తు రాదు.

ఎగ్మూరులో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ప్రభుత్వ మ్యూజియంకి వెళ్ళాను, ఉదయగిరి బాలకృష్ణుణ్ణి చూడాలని. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో గజపతుల నుంచి ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, 1515లో కొత్త గుడి కట్టి ప్రతిష్ఠించాడు. అక్కడి నుంచి అది చెన్నై చేరింది. మా నెల్లూరు కొండ మీద ఉండాల్సిన దేవుడు మద్రాసులో ఉన్నాడే అని దుఃఖం వచ్చింది. ఊళ్ళో ఉన్న గుడి ఒకచోట, ఆ గుడి దేవుడు ఒకచోట, దాని కాగితాలు ఇంకోచోట. మా చదువంతా ఇలా విడిపోయినవాటిని మళ్ళీ ఒక నేల మీదికి చేర్చడమే. తర్వాత ఉదయగిరి కొండ ఎక్కినప్పుడు నా కళ్ళు గుడి కోసం వెతకలేదు. కోటలో అంతమంది అన్నాళ్ళు ముట్టడికి తట్టుకున్నారంటే నీళ్ళు ఎక్కడ నిలవ చేశారని కొలనులు, వాన నీళ్ళు దిగే దారులు చూసుకుంటూ నడిచాను. ఆ కొండ ఎక్కేవాళ్ళు తెల్లారకముందే బయలుదేరండి. తొమ్మిది దాటితే రాళ్ళ వేడికి నిలవలేరు.

ఫీల్డ్ వర్క్ 2019 ఎండాకాలంలోనే మొదలుపెట్టాను. మన జిల్లాలో చెరువుల మీద పని చేసేవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సింది, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండినప్పుడే తూము అడుగు దాకా కనపడుతుంది, కొలతలు అప్పుడే తీయాలి. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో నవంబరులో తప్ప తెలియదు. అంటే ఒక్కో చెరువుకు రెండు కాలాల్లోనూ వెళ్ళాలి. ఎండల్లో నలభై మూడు డిగ్రీలు, వానల్లో బురద, కట్ట నిండా సర్కారు తుమ్మ. ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ పరికరం, దాన్ని నడిపే మనిషి కలిపి రోజుకు నాలుగు వేలు అయ్యేది. ఆటో, తిండి అదనం. ఆడపిల్లను ఒక్కదాన్నే కట్టల మీద తిరుగుతుంటే ఊళ్ళో అడగడం సహజం. మొదట్లో నాన్న స్కూటర్ మీద తోడొచ్చారు. తర్వాత ఏ ఊరెళ్ళినా ముందు పంచాయతీ ఆఫీసులో లేఖ ఇచ్చి, చెరువు నీళ్ళు చూసుకునే లస్కరునో, చెరువు కింద పొలం ఉన్న పెద్దవాళ్ళనో కలిసి, అప్పుడే కట్ట ఎక్కేదాన్ని. చేతిలో టేపు కనపడగానే భూసేకరణ అనుకుంటారు. "రోడ్డు పోతుందా అమ్మా?" అని అడుగుతారు. ఆ భయం తీర్చేదాకా పటం బయటికి తీయకూడదు.

ఆత్మకూరు వైపు ఒక చెరువు గురించి వివరంగా చెప్పాలి. కట్ట లోపలి వైపు రెండు రాతి స్తంభాలు, నిలువెత్తు కంటే ఎక్కువ, వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు. పలకల మధ్యలో గుండ్రటి రంధ్రాలు. వాటిలోంచి పొడుగాటి కొయ్య దించి, కింద తొట్టి రంధ్రాన్ని బిరడాతో మూసేవాళ్ళు. కొయ్యను ఎంత లేపితే అంత నీళ్ళు. ఎడమ స్తంభం మీద అక్షరాల్లాంటి గీతలు ఉన్నట్టు చేతికి తగిలాయి, కంటికి ఆనలేదు. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన పెద్దాయన నన్ను కాసేపు చూసి, "ఇప్పుడేం కనపడుతుందమ్మా, పొద్దు వాలినాక రా, అప్పుడు చదువుకోవచ్చు" అన్నాడు. "నువ్వు చదివావా తాతా?" అంటే "నాకేం చదువొచ్చు, కనపడతాయని చెప్తుండా" అన్నాడు. సాయంత్రం ఐదున్నరకు వెళ్ళాను. ఎండ ఏటవాలుగా పడేసరికి రాయంతా అక్షరాలు లేచాయి. తెలుగు లిపి. శక సంవత్సరం ఉండాల్సిన చోట పెచ్చు ఊడిపోయింది. "తూము" అన్నది, "దశబంధ" అన్నది స్పష్టంగా చదవగలిగాను. 1905 సంపుటాల్లో ఆ ఊరి పేరు కింద ఇది లేదు. చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి వేసి ఫొటోలు తీశాను. రాయికి సుద్ద, పిండి, నూనె పూయకండి. వెలుతురు పక్క నుంచి పడితే చాలు. మరుసటి నెల శాసనాలు చదివే ఒక పెద్దాయన్ని తీసుకెళ్ళాను. రాయిని కుంచెతో శుభ్రం చేసి, తడి కాగితం అద్ది, కుంచెతో కొట్టి, సిరా మెత్తతో నకలు తీశారు. ఆరు గంటలు నిలబడే ఉన్నారు, ఒక్క పైసా పుచ్చుకోలేదు. రానుపోను ఖర్చు పెట్టుకుంటానంటే కోప్పడ్డారు.

అదే ఏడాది చివర్లో వెలిగొండలు దాటి కడప వైపు పోరుమామిళ్ళ వెళ్ళాను. 1369 నాటి చెరువు శాసనం అక్కడ ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని రాసి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, మధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువవడం, పొలం తక్కువై నీళ్ళు ఎక్కువవడం, ఇవన్నీ ఇంజినీరుకు తట్టేవే. ఇంకో దోషం ఉంది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఇదెందుకు రాశారో అప్పుడు నాకు పూర్తిగా బోధపడలేదు. కంభం చెరువు చూసినప్పుడు మంచి చెరువు ఎలా ఉండాలో కళ్ళకు కట్టింది. రెండు కొండల మధ్య గండిని మూసి గుండ్లకమ్మను నిలిపారు. యాభై ఏడు అడుగుల ఎత్తు కట్ట వెనక మైళ్ళ కొద్దీ నీళ్ళు. 2020లో అది ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. ఆ కబురు ఫోన్లో చదివి ఇంట్లో అందరికీ చూపించాను.

2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. ఆర్కైవ్స్ మూత, హాస్టల్ ఖాళీ. ఏడాదికి పైగా ఇంట్లోనే. బి.ఆర్క్ చదివినదానివి చెరువుల వెంట పడటమేంది, వయసు దాటిపోతుంది అని పిన్ని రోజూ అనేది. అమ్మ ఏమీ అనేది కాదు, అదే ఎక్కువ బాధగా ఉండేది. ఆ కాలంలో పటాల పని పెట్టుకున్నాను. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపో షీట్లు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటాలు) అప్పట్లో ఆధార్‌తో నమోదు చేసుకుంటే ఉచితంగా దొరికేవి, రోజుకు మూడే దిగేవి. నెల్లూరు, ఉదయగిరి రెండూ 57 ఎన్ నంబరు షీట్లలో ఉంటాయి. అమెరికా వాళ్ళు 1960 నుంచి 1972 దాకా గూఢచారి ఉపగ్రహాలతో తీసిన ఫొటోలు 1995లో బయటపెట్టారు. ఎవరూ స్కాన్ చేయించని ఫ్రేమ్ కావాలంటే 30 డాలర్లు కట్టాలి. నా డెబిట్ కార్డు పని చేయలేదు, స్నేహితురాలి కార్డుతో కట్టాను. కొన్ని వారాలకు ఫైలు వచ్చింది. సోమశిల డ్యామ్ కట్టకముందు పెన్నా పరీవాహం ఎలా ఉందో అందులో చూశాను. ఒక చెరువు కలుజు నుంచి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు గొలుసుకట్టుగా వాగులు పోతున్నాయి. ఇప్పుడు ఆ వాగుల్లో సగం ప్లాట్లయ్యాయి, అంకణం (మా వైపు స్థలం కొలత) ఇంతని బోర్డులున్నాయి. రాత్రి రెండింటికి ఆ రెండు పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తూ ఏడ్చాను.

2021 నవంబరు వరద గురించి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. మా ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. నోటు పుస్తకాలు, నకళ్ళు ముందే మేడ మీది గదిలో పెట్టడం వల్ల దక్కాయి. పది రోజుల తర్వాత ఆత్మకూరు వైపు వెళ్ళగలిగాను. నేను చెప్పిన చెరువు కట్ట తూము దగ్గరే తెగింది. రెండు స్తంభాల్లో ఒకటి విరిగి, అక్షరాలున్నది బోర్లా పడి, మట్టిలో కూరుకుపోయింది. మరుసటి వేసవిలో గండి పూడ్చి, అక్కడ కాంక్రీటు తూము, ఇనుప షట్టరు పెట్టారు. పొలాలకు నీళ్ళు కావాలి, అది తప్పని పని. పాత రాయిని జేసీబీ పక్కకు నెట్టింది. సర్పంచ్‌గారితో మాట్లాడి, ఊరివాళ్ళే తాళ్ళు కట్టి ట్రాక్టరు మీద గుడి ఆవరణకు చేర్చారు. ఆ తూము ఎలా ఉండేదో చూపే కొలతల పటం ఇప్పుడు నేను 2019లో గీసినది తప్ప ఇంకోటి లేదు. నా థీసిస్‌లో బొమ్మలెన్నో ఉన్నాయి, ఆ ఒక్క బొమ్మ కోసం మిగతావన్నీ ఇచ్చేస్తాను.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి, కందుకూరు నెల్లూరుకు వచ్చింది. అప్పటికే పెట్టిన నా దరఖాస్తులు కొన్ని ఏ ఆఫీసువో తేలలేదు. ఒక కార్యాలయంలో ఫైలు కొత్త జిల్లాకు పంపామన్నారు, కొత్త జిల్లాలో రాలేదన్నారు. ఐదు నెలలు అలా గడిచాయి. చివరికి ఒక గ్రామ పటం, చెరువు ఎఫ్.ఎం.బి. (సర్వే కొలతల పుస్తకం) నకలు సర్టిఫైడ్ కాపీగా తీసుకోగలిగాను. ఆ చెరువుకు ఆయకట్టు ఒక జిల్లాలో, నీళ్ళొచ్చే వాగు ఇంకో జిల్లాలో పడ్డాయి. పూడిక ఎవరు తీయించాలన్నది రైతులకు ఎవరూ చెప్పలేకపోయారు. పోరుమామిళ్ళ శాసనంలో ఆ సరిహద్దు దోషం అప్పుడు పూర్తిగా అర్థమైంది. థీసిస్‌లో నాలుగో అధ్యాయం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

రాత 2022 చివర్లో మొదలై ఏడాది పట్టింది. 2023 జులైలో ఫెలోషిప్ ఆగింది. దగ్గర్లోని ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పి నెట్టుకొచ్చాను. నవంబరులో ప్రీ సబ్మిషన్ సెమినార్. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో కాపీ పరీక్ష. పది శాతం దాటకూడదు. నేను ఉదాహరించిన శాసన పాఠాలు, పాత మాన్యువల్ వాక్యాలు అన్నీ కాపీగానే చూపించింది. ఉల్లేఖనాలు తీసి మళ్ళీ లెక్కించమని అర్జీ పెట్టాలి. ఈ పనికి నెల రోజులు పక్కన పెట్టుకోండి. ప్రింటింగ్ ఖర్చు కూడా ముందే చూసుకోండి. మా చదువులో పెద్ద పటాలు మడత పెట్టి కుట్టించాలి, కలర్ పేజీలు ఎక్కువ. ఐదు ప్రతులకు నాకు ఇరవై వేలు దాటింది.

2024 మార్చిలో సమర్పించాను. ఇక మన చేతిలో ఏమీ ఉండదు. బయటి పరీక్షకులిద్దరిలో ఒకరి నివేదిక ఆగస్టులో వచ్చింది, బాగుందని. రెండోది రాలేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. ఆఫీసుకు ఫోన్ చేస్తే గుర్తు చేశామంటారు. నిద్ర పట్టేది కాదు. ఈ టెన్షన్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఉద్యోగాల నోటిఫికేషన్లు వస్తుంటాయి, డిగ్రీ లేదు కాబట్టి దరఖాస్తు పెట్టలేం. డిసెంబరు రెండో వారంలో వచ్చింది, చిన్న సవరణలతో.

వైవాలో గంటన్నర కూర్చోబెట్టారు. పరీక్షకుడు ఒక ప్రశ్న దగ్గర ఆగారు: "మీ చెరువు ఏ శతాబ్దానిది? పుస్తకంలో ఒక్కచోట కూడా తేల్చి రాయలేదే?" గుడి అయితే స్తంభం పద్ధతి, శిల్పం, శాసనం చూసి ఫలానా కాలమని చెప్తాం. చెరువుకు అలా కుదరదు. తూము స్తంభం విజయనగర కాలానిది కావచ్చు, కలుజు గోడలో ఇటుక, సున్నం పందొమ్మిదో శతాబ్దానివి, దాని మీద సిమెంటు పూత నిన్నమొన్నటిది, కాంక్రీటు తూము 2022ది, కట్ట మట్టి ప్రతి తరం కొంచెం కొంచెం వేస్తూ వచ్చినది. ఏదో ఒక రాజు పేరు పెట్టి ఒక సంవత్సరం రాస్తే ఆ మిగతా వాళ్ళందరి పనీ చెరిపేసినట్టే. అందుకే నేను చెరువుకు పుట్టిన తేదీ ఇవ్వలేదు, ఎప్పుడెప్పుడు ఎవరు బాగు చేశారో వరసగా ఇచ్చాను. ఇదే చెప్పాను. ఆయన కాసేపు పటం తిప్పి చూసి, "ఈ 2019 డ్రాయింగ్ ఒరిజినల్ ఎక్కడుంది?" అని అడిగారు. నా దగ్గరే అన్నాను. "ఒక ప్రతి ఊరి పంచాయతీలో కూడా పెట్టండి" అన్నారు. పెట్టాను.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి ఆరు వారాలు. ఉద్యోగం విషయంలో దాపరికం లేకుండా చెప్తాను. హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో ఎం.ఏ. హిస్టరీ ఏదమ్మా అంటారు. ఆర్కిటెక్చర్ కాలేజీలో బి.ఆర్క్, ఎం.ఆర్క్ ఉంటే తీసుకుంటారు కానీ డిజైన్ స్టూడియో చెప్పమంటారు, చరిత్ర పాఠం ఎవరికైనా ఇచ్చేయొచ్చన్నట్టు చూస్తారు. ఒకచోట ఇంటర్వ్యూలో చెరువుల మీద ఒక్క ప్రశ్నా వేయకుండా సాఫ్ట్‌వేర్లు ఏమేం వచ్చని అడిగి పంపేశారు. అది చాలా రోజులు మనసులో కలుక్కుమంటూనే ఉంది. ఆర్కిటెక్చర్ నుంచి వచ్చేవాళ్ళు ఎం.ఆర్క్ వదలకండి, పీహెచ్‌డీ ఉంటే చాల్లే అనుకోవద్దు. హిస్టరీ నుంచి వచ్చేవాళ్ళు కనీసం లెవెలింగ్, పటం గీయడం ఒక సెలవుల్లో నేర్చుకోండి. శాసన లిపి ఇద్దరికీ కావాలి.

జూన్‌లో ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. స్టూడియో చెప్తున్నాను, దాంతోపాటు ల్యాండ్‌స్కేప్ చరిత్ర ఒక సెమిస్టర్ అడిగి తీసుకున్నాను. మూడో ఏడాది పిల్లల చేత వచ్చే ఎండాకాలం ఉదయగిరి, ఆత్మకూరు వైపు చెరువుల తూములు కొలిపించాలని అనుమతి లేఖలు ఇప్పుడే పెట్టాను. జవాబు రావడానికి ఎంత లేదన్నా మూడు నెలలు పడుతుంది, ఏప్రిల్ దాటితే తూములు కొలిచేందుకు ఒక్క నెలే మిగులుతుంది.